ఒక పాట ఎవరెవరి చేతుల్లో పడిందో చెవితో పట్టుకోవడం ఎలా

సికింద్రాబాద్‌లో గిటార్లు బాగుచేసే చిన్న షాపు నాది. వచ్చేవాళ్లలో ఎక్కువమంది చర్చి క్వయర్లలో వాయించే పిల్లలు. తీగలు మార్చేలోపు ఊరికే కూర్చోరు కదా, ఫోన్ తీసి రెండు పాటల ముక్కలు వినిపిస్తారు. "అన్నా, ఇది దాన్ని కాపీ కొట్టింది కదా?" అంటారు. కాపీనా కాదా అనే గొడవ మీద నాకు ఆసక్తి లేదు. ఒకరి దగ్గర్నుంచి ఇంకొకరికి వెళ్లేటప్పుడు పాటలో ఏం మిగిలింది, ఏం రాలిపోయింది అన్నదే నాకు కావాలి. అది వినడానికి ఒక పద్ధతి ఉంది. ఒకే పాట పట్టుకుని ఆ పద్ధతి చూపిస్తాను. ఆ పాట అమెరికా గాయకుడు బాబ్ డిలన్ రాసిన మిస్టర్ టాంబరిన్ మ్యాన్ (టాంబరిన్ అంటే గజ్జెలున్న చిన్న డప్పు). ఫోక్-రాక్ (జానపదం, రాక్ కలిసిన సంగీతం) అనే పేరు 1965 వేసవిలో పత్రికల్లోకి ఎక్కడానికి ముఖ్య కారణం ఈ పాటే. ఇప్పటికీ గిటార్ పట్టుకున్న చాలామంది దీని చప్పుడు తెలియకుండానే వాయిస్తున్నారు.

కావాల్సినవి పెద్దగా ఏం లేవు. వైరున్న హెడ్‌ఫోన్ ఒకటి (బ్లూటూత్ స్పీకర్‌లో ఈ పని కాదు, సన్నటి తీగలు వినబడవు), ఒక తెల్లకాగితం, పెన్ను. గిటార్ ఉంటే మంచిది. లేకపోయినా పాట నడుస్తుంది.

కాగితాన్ని మధ్యలో నిలువుగా మడవండి. ఎడమవైపు "ఉన్నది", కుడివైపు "పోయింది" అని రాయండి. జనం ఎప్పుడూ ఉన్నదే రాసుకుంటారు. ఈ పని జరిగేది కుడివైపు.

మొదట డిలన్ రికార్డింగ్ వినండి. 1965 జనవరి 15న న్యూయార్క్‌లో రికార్డు చేశాడు, మార్చిలో బ్రింగింగ్ ఇట్ ఆల్ బ్యాక్ హోమ్ ఆల్బంలో వచ్చింది. ఐదున్నర నిమిషాల పాట, నాలుగు చరణాలు. పాట పల్లవితోనే మొదలవుతుంది. మొదటిసారి ఏమీ రాయకుండా వినండి. రెండోసారి మాటల్ని పక్కనబెట్టి వెనక ఏం మోగుతోందో చూడండి. డిలన్ గిటార్, మౌత్ ఆర్గాన్ కాక ఇంకో ఎలక్ట్రిక్ గిటార్ ఉంటుంది. అది తీగలన్నిటి మీదా గీస్తూ గట్టిగా స్ట్రమ్ చేయదు. డిలన్ గొంతు ఆగిన చోట రెండు మూడు స్వరాలు వదిలి తప్పుకుంటుంది. అది వాయించినవాడు బ్రూస్ లాంగ్‌హార్న్. చిన్నప్పుడు టపాసు పేలి కుడిచేతి వేళ్లు కొన్ని పోయాయి ఆయనకి. ఉన్న వేళ్లతో వాయించగలిగినదాన్నే తన పద్ధతి చేసుకున్నాడు. పాటలోని టాంబరిన్ మనిషికి స్ఫూర్తి కూడా ఆయనేనని డిలన్ తర్వాత చెప్పాడు. లాంగ్‌హార్న్ దగ్గర ఒక పెద్ద టర్కీ డప్పు ఉండేది. లోపల చిన్న గంటలు కట్టిన డప్పు. రికార్డింగ్‌కి దాన్ని పట్టుకొచ్చేవాడు. తమాషా ఏంటంటే ఈ పాట రికార్డింగ్‌లో ఆ డప్పు లేదు, ఆయన గిటారే ఉంది.

ఎడమవైపు రాసుకోండి: నాలుగు చరణాలు, మౌత్ ఆర్గాన్, ఒకే గొంతు, డ్రమ్స్ లేవు, రెండేసి అడుగులుగా నడిచే తాళం.

గిటార్ ఉన్నవాళ్లకి ఇక్కడ ఒక చిన్న పని. డి స్కేల్‌లో పల్లవి వాయించి చూడండి. డిలన్ పాడింది ఎఫ్‌లో. కింది ఇ తీగని డికి దించి, మూడో ఫ్రెట్‌లో కేపో (తీగలన్నిటినీ ఒకేసారి నొక్కిపెట్టే క్లిప్పు) పెట్టి వాయించాడు కాబట్టి చేతికి అదీ డి ఆకారమే. పల్లవి ఈ స్కేల్‌కి ఇల్లు లాంటి డి కార్డ్‌తో (కార్డ్ అంటే కలిపి మోగించే స్వరాలు) మొదలవ్వదు, జితో మొదలవుతుంది. జి, ఏ, డి, జి. అంటే సొంతింట్లో కాకుండా బయట మొదలై ఇంటికొచ్చి, కూర్చోకుండా మళ్లీ బయటికి పోతుంది. ఎన్నిసార్లు విన్నా పాట మొదలవుతున్నప్పుడు అప్పటికే మధ్యలో ఉన్నట్టనిపించేది అందుకే. చర్చి పాటలు వాయించే పిల్లలు ఇది టక్కున పట్టుకుంటారు. ఎందుకంటే వాళ్ల పాటలు ఎక్కువ భాగం ఇంటి కార్డ్‌తోనే మొదలవుతాయి.

ఇప్పుడు బర్డ్స్ అనే లాస్ ఏంజెలెస్ బృందం రికార్డింగ్ పెట్టండి. 1965 జనవరి 20న రికార్డు చేశారు, ఏప్రిల్ 12న సింగిల్‌గా వచ్చింది. జూన్ చివర్లో అమెరికాలో, జూలైలో బ్రిటన్‌లో నంబర్ వన్ అయింది.

తేదీలు చూశారా? డిలన్ ఆల్బం మార్చిలో వచ్చింది. బర్డ్స్ జనవరిలోనే పాడేశారు. మరి ఎక్కడ విన్నారు? 1964 జూన్‌లో డిలన్, జానపద గాయకుడు రాంబ్లిన్ జాక్ ఇలియట్ కలిసి పాడి పక్కన పెట్టేసిన రికార్డింగ్ ఒకటుంది. అది బర్డ్స్ మేనేజర్ జిమ్ డిక్సన్ చేతికొచ్చింది. మొదట్లో బృందానికి ఆ పాట పెద్దగా ఎక్కలేదు. డిక్సన్ వదల్లేదు. ఆ రికార్డింగ్ 2005లో డిలన్ బూట్‌లెగ్ సిరీస్ ఏడో భాగంలో అధికారికంగా వచ్చింది కాబట్టి మీరు కూడా వినొచ్చు. కొంచెం తడబడుతూ పాడతారు. దాన్ని విని అందులోంచి నంబర్ వన్ పాట బయటికి తీయొచ్చని ఊహించిన మనిషి చెవికి దండం పెట్టాలి.

బర్డ్స్ పాట వింటూ కుడివైపు నింపండి. నాలుగు చరణాల్లో మూడు పోయాయి. రెండో చరణం ఒక్కటే మిగిలింది, ముందూ వెనకా పల్లవి. ఐదున్నర నిమిషాలది రెండున్నర నిమిషాల లోపుకొచ్చింది. అప్పటి రేడియోకి అంతకంటే పొడుగు పెద్దగా నచ్చేది కాదు. మౌత్ ఆర్గాన్ పోయింది. రెండేసి అడుగుల తాళం పోయి నాలుగేసి అడుగుల డాన్స్ తాళం వచ్చింది. ఆ నడక కోసం నిర్మాత టెరీ మెల్చర్ బీచ్ బాయ్స్ పాట డోంట్ వరీ బేబీని మనసులో పెట్టుకున్నాడు. ఒకే గొంతు పోయి మూడు గొంతులయ్యాయి. రోజర్ మెక్‌గ్విన్ (అప్పటికి జిమ్ అనే పేరు) ముందు, జీన్ క్లార్క్, డేవిడ్ క్రాస్బీ పక్కన.

పోయినదాంట్లో పెద్దది కథ. డిలన్ పాటలో ఒక మనిషి రాత్రంతా నిద్రలేకుండా తిరిగి తిరిగి తెల్లవారుజామున ఎవరినో బతిమాలుతున్నట్టుంటుంది. బర్డ్స్ పాటలో ఆ అలసట లేదు, తెల్లారిపోయింది. చాలామంది డిలన్ అభిమానులకి ఇది అన్యాయం అనిపిస్తుంది. నాకలా అనిపించదు. మూడు చరణాలు తీసేశారు కాబట్టే వాయిద్యానికి చోటు దొరికింది. తర్వాత అరవై ఏళ్లలో ఇతర కళాకారులు ఎత్తుకుపోయింది చరణాల్ని కాదు, ఆ చోటులో మోగిన దాన్ని.

ఆ మోగినదే పన్నెండు తీగల ఎలక్ట్రిక్ గిటార్, రికెన్‌బ్యాకర్ 360/12. నా పని గిటార్లు కాబట్టి ఇక్కడ కాసేపు ఆగుతాను.

పన్నెండు తీగలంటే ఆరు జతలు. సన్నటి రెండు జతల్లో, అంటే ఇ, బిల్లో, రెండు తీగలూ ఒకే స్వరం. మిగతా నాలుగు జతల్లో ఒకటి మామూలు తీగ, పక్కన ఒక స్థాయి పైన పలికే సన్నటి తీగ. మామూలు పన్నెండు తీగల గిటార్‌లో చెయ్యి పైనుంచి కిందికి వస్తే ముందు సన్న తీగ తగులుతుంది. రికెన్‌బ్యాకర్ దాన్ని తిరగేసింది, ముందు లావు తీగ. తేడా వెంట్రుకంతే. కానీ చెవికి మాత్రం స్వరం ముందొచ్చి మెరుపు దాని వెనకొచ్చినట్టుంటుంది. బర్డ్స్ పాట మొదటి నాలుగు సెకన్లు మళ్లీ మళ్లీ వినండి, ఈ క్రమం దొరుకుతుంది.

రెండోది కంప్రెసర్. గట్టి శబ్దాన్ని నొక్కి, తగ్గిపోతున్న శబ్దాన్ని పైకి లేపే యంత్రం. ఆ గిటార్ దానంతటదే ఎక్కువసేపు మోగదు, టక్కుమని ఆగిపోతుంది. స్టూడియోలో కంప్రెసర్ గట్టిగా వేయబట్టి ఒక స్వరం ఇంకో స్వరం మీదికి సాగింది. ఇదే చప్పుడు ఇంట్లో కావాలంటే ఫోన్‌లో కంప్రెసర్ ఉన్న రికార్డింగ్ యాప్ తీసుకుని, ఆ కంప్రెసర్‌ని మోతాదు మించి పెట్టండి. మంచి రికార్డింగ్ గురించి చెప్పేవాళ్లు వద్దంటారు. ఈ ఒక్క పనికి మీరు వినకండి.

మూడోది చెయ్యి. మెక్‌గ్విన్ చికాగోలోని ఓల్డ్ టౌన్ స్కూల్ ఆఫ్ ఫోక్ మ్యూజిక్‌లో బాంజో నేర్చుకున్నవాడు. బొటనవేలు, చూపుడువేలు మధ్య మామూలు పిక్ (తీగ మీటే బిళ్ల), తర్వాతి రెండు వేళ్లకి లోహపు పిక్కులు. వాయిద్యం రాక్ వాళ్లది, వేళ్లు పల్లెపాట వాళ్లవి. ఈ పాటని ఫోక్-రాక్ అనడానికి ఇంతకంటే సూటి కారణం నాకు కనబడలేదు. బృందంలో ఆ రోజు వాయించింది ఆయనొక్కడే. మిగతావాళ్లకి ఇంకా చెయ్యి కుదరలేదని మెల్చర్ స్టూడియో వాయిద్యకారుల్ని పిలిచాడు. డ్రమ్స్ హాల్ బ్లేన్, బేస్ లారీ నెక్టెల్, రిథమ్ గిటార్ జెరీ కోల్. లియాన్ రస్సెల్ కూడా ఎలక్ట్రిక్ పియానో వాయించాడు గానీ వినబడితే ఒట్టు. మొదట్లో జారుతూ దిగే బేస్ విన్నారా, అది నెక్టెల్‌ది.

ఒక హెచ్చరిక. ఇది విని ఆన్‌లైన్‌లో చవక పన్నెండు తీగల అకూస్టిక్ కొనుక్కొచ్చి, ఆరు నెలలకి బ్రిడ్జ్ (గిటార్ ఒంటి మీద తీగలు కట్టే చెక్క) లేచిపోయిందని షాపుకొచ్చేవాళ్లు ఉన్నారు. పన్నెండు తీగల లాగుడు మామూలు గిటార్‌కంటే చాలా ఎక్కువ. సన్నటి సెట్టు వేయండి, మొత్తం ఒక స్వరం కిందికి శ్రుతి చేయండి, రెండో ఫ్రెట్‌లో కేపో పెట్టుకోండి. స్కేల్ మారదు, బ్రిడ్జ్ బతుకుతుంది.

ఇప్పుడు వెనక్కి వెళ్లాలి. ఒక పాట ప్రభావం గురించి మాట్లాడేవాళ్లు ఎప్పుడూ ముందుకే పరిగెత్తుతారు. ముందు ఆ పాట ఎవరి దగ్గర అప్పు చేసిందో చూడకపోతే తర్వాతి లెక్కలన్నీ తప్పుతాయి.

మెక్‌గ్విన్ ఆ గిటార్ కొన్నది 1964లో బీటిల్స్ సినిమా ఎ హార్డ్ డేస్ నైట్ చూశాక, జార్జ్ హ్యారిసన్ చేతిలో చూసి. అదే ఏడాది మొదట్లో సెర్చర్స్ అనే లివర్‌పూల్ బృందం నీడిల్స్ అండ్ పిన్స్ అనే పాటలో ఇలాంటి చప్పుడే తెచ్చింది, అదీ ఆరు తీగల గిటార్లు రెండు కలిపి. పాత జానపదాన్ని ఎలక్ట్రిక్‌గా మార్చడం కూడా బర్డ్స్ మొదలుపెట్టింది కాదు. యానిమల్స్ బృందం 1964లోనే ద హౌస్ ఆఫ్ ద రైజింగ్ సన్ పాడి నంబర్ వన్ కొట్టింది. ఈ మూడూ వరసగా వినండి. విన్నాక "అన్నీ బర్డ్సే కనిపెట్టారు" అనే మాట నోట్లోంచి రాదు. వాళ్లు చేసింది కలపడం. హ్యారిసన్ గిటార్, డిలన్ పాట, బీచ్ బాయ్స్ నడక, బాంజో వేళ్లు, అన్నీ కలిపి రెండున్నర నిమిషాల్లోపు.

ఇక ముందుకు. ఇక్కడ కాగితం వెనక్కి తిప్పి మూడు చోట్ల రాయాలి: పాటని తీసుకున్నవాళ్లు, చప్పుడుని తీసుకున్నవాళ్లు, పద్ధతిని తీసుకున్నవాళ్లు. ఈ మూడూ కలిపేయడం వల్లే కవర్ల (ఒకరి పాటని ఇంకొకరు పాడినవాటి) లిస్టు పెట్టి దాన్నే ప్రభావం అంటుంటారు జనం.

పాటని తీసుకున్నవాళ్లు బోలెడు. అన్నీ వినక్కర్లేదు. ఒడెట్టా 1965లో పాడింది తప్పక వినండి. పది నిమిషాలు దాటుతుంది. బర్డ్స్ కోసిపారేసిన కథనంతా ఆమె వెనక్కి తెచ్చి నెమ్మదిగా నడిపించింది. అదే ఏడాది జూడీ కాలిన్స్ కూడా పాడింది, శుభ్రంగా ఉంటుంది. 1968లో స్టార్ ట్రెక్ నటుడు విలియం షాట్నర్ దీన్ని పాడకుండా నాటకంలా చదివి, చివర్లో అరిచాడు. ఇంట్లో పెద్దవాళ్లు లేనప్పుడు వినండి.

చప్పుడుని తీసుకున్నవాళ్ల దగ్గర మాత్రం ఎక్కువసేపు ఉండండి. ఇక్కడ మూడు పరీక్షలు పెట్టుకోవాలి. తేదీ కుదిరిందా? ఇతను దాన్ని నిజంగా విన్నాడా? తనే ఒప్పుకున్నాడా? మూడూ కుదిరితే గట్టిగా చెప్పొచ్చు. రెండు కుదిరితే "అనిపిస్తోంది" అనాలి. ఒకటే కుదిరితే కాగితం మీద పెన్సిల్‌తో రాసుకోండి.

మూడూ కుదిరిన ఉదాహరణ హ్యారిసనే. బర్డ్స్ తొలి ఆల్బం 1965 జూన్‌లో వచ్చింది. అందులో ద బెల్స్ ఆఫ్ రిమ్నీ అనే పాట ఉంది, వేల్స్ కవి ఇడ్రిస్ డేవిస్ పద్యానికి అమెరికా జానపద గాయకుడు పీట్ సీగర్ కట్టిన బాణీ. ఆ డిసెంబర్‌లో బీటిల్స్ రబ్బర్ సోల్‌లో హ్యారిసన్ పాట ఇఫ్ ఐ నీడెడ్ సమ్‌వన్ వచ్చింది. దాని గిటార్ వరస రిమ్నీ పాట నుంచి వచ్చిందని హ్యారిసన్ రెండు బృందాలకీ తెలిసిన డెరెక్ టేలర్ ద్వారా మెక్‌గ్విన్‌కి కబురు పంపాడు. ఈ రెండూ పక్కపక్కన వింటే కబురు అక్కర్లేదు, అయినా కబురుంది. హ్యారిసన్ గిటార్ చూసి మెక్‌గ్విన్ కొన్నాడు, మెక్‌గ్విన్ వాయించింది విని హ్యారిసన్ పాట కట్టాడు. అంతా ఏడాదిన్నర లోపే.

సైమన్ అండ్ గార్ఫంకెల్ అనే జంట పాడిన ద సౌండ్ ఆఫ్ సైలెన్స్ ఇంకా విచిత్రం. 1964 మార్చిలో రెండు గొంతులు, అకూస్టిక్ గిటార్‌తో రికార్డు చేశారు. ఆల్బం అమ్ముడుపోలేదు, ఇద్దరూ చెరో దారీ పట్టారు. బర్డ్స్ పాట రేడియోలో మోగుతున్న 1965 జూన్‌లో నిర్మాత టామ్ విల్సన్ వాళ్లిద్దరికీ చెప్పకుండానే ఆ పాత రికార్డింగ్ మీద ఎలక్ట్రిక్ గిటార్, బేస్, డ్రమ్స్ ఎక్కించాడు. 1966 జనవరికి అది నంబర్ వన్. రెండు రికార్డింగులూ దొరుకుతాయి. గొంతులు ఒకటే, చప్పుడు వేరు. ప్రభావం అంటే ఏంటో చెవికి చూపించడానికి ఇంతకంటే మంచి జత నాకు తెలియదు. షాపులో పిల్లలకి ముందు ఇదే పెడతాను.

గాయకుడు టామ్ పెట్టీ పాట అమెరికన్ గర్ల్ 1976 నాటిది. అది విని "ఇది నేనెప్పుడు రికార్డు చేశాను?" అన్నట్టుగా మెక్‌గ్విన్ జోక్ చేశాడని అందరూ చెప్పుకునేదే. 1977లో తన ఆల్బంలో ఆ పాట తనే పాడేశాడు కూడా. పెట్టీది, మెక్‌గ్విన్‌ది వెంటవెంటనే వినండి. 1989లో పెట్టీ బర్డ్స్ పాట ఒకటి తన ఆల్బంలో పాడి బాకీ తీర్చాడు.

ఆర్.ఇ.ఎం. బృందం పీటర్ బక్, స్మిత్స్ బృందం జానీ మార్ దగ్గరికొచ్చేసరికి జాగ్రత్త పడండి. ఇద్దరి చేతిలోనూ రికెన్‌బ్యాకరే, కార్డ్‌ని విడదీసి తీగ తర్వాత తీగ వాయించే అలవాటూ ఇద్దరిదీ. కానీ ఇద్దరూ ఎక్కువ వాయించింది ఆరు తీగలది. 1983 నాటి ఆర్.ఇ.ఎం. తొలి ఆల్బం మర్మర్ విని, నా మొదటి నాలుగు సెకన్ల పరీక్ష పెట్టండి. స్వరం వెనక మెరుపు రాదు. మధ్యలో బిగ్ స్టార్ లాంటి బృందాలున్నాయి. 1974లో వాళ్లు చేసిన సెప్టెంబర్ గర్ల్స్ విని, 1986లో బ్యాంగిల్స్ దాన్నే పాడింది వింటే ఈ చప్పుడు ఎన్ని చేతులు మారి వస్తుందో తెలుస్తుంది. గిటార్ బ్రాండ్ చూసి చుట్టరికం కలపకండి. ఈ రకం సంగీతానికి జాంగిల్ పాప్ అనే పేరే ఈ పాట మాటల్లోంచి వచ్చిందంటారు, అదొక్కటీ సరదాకి రాసుకోండి.

పద్ధతిని తీసుకున్నవాళ్లు అంటే "డిలన్ పాట తీసుకో, కరెంటు పెట్టు" అన్నవాళ్లు. అదే 1965 వేసవిలో టర్టిల్స్ బృందం, గాయని షెర్ డిలన్ పాటలతోనే హిట్లు కొట్టారు. అది వ్యాపారం, త్వరగా దాటేయండి. ఆగాల్సింది ఇంగ్లండ్‌లో ఫెయిర్‌పోర్ట్ కన్వెన్షన్ అనే బృందం దగ్గర. వాళ్లూ డిలన్ పాటలతో మొదలుపెట్టి, 1969 లీజ్ అండ్ లీఫ్ ఆల్బంకి వచ్చేసరికి తమ దేశపు పాత జానపదాలకే ఎలక్ట్రిక్ వాయిద్యాలు పెట్టారు. పాట మారింది, చప్పుడు మారింది, పద్ధతి ఒక్కటే మిగిలింది.

పరీక్షల్లో తప్పే ఉదాహరణ కూడా ఒకటి. బర్డ్స్ విని డిలన్ ఎలక్ట్రిక్‌కి మారాడని చాలాచోట్ల రాస్తారు. 1965 జూలై 25న న్యూపోర్ట్ జానపద ఉత్సవంలో ఆయన ఎలక్ట్రిక్ గిటార్‌తో ఎక్కిన మాట నిజం. కానీ ఆ మార్చిలో వచ్చిన ఆయన ఆల్బంలో ఒక పక్కంతా ఎలక్ట్రిక్ పాటలే, అవి రికార్డయింది జనవరిలో. బర్డ్స్ విజయం ఆయనకి ధైర్యం ఇచ్చి ఉండొచ్చు. దారి మాత్రం ముందే పట్టాడు. తేదీ పరీక్షలోనే ఈ కథ ఓడిపోతుంది.

మన పాటలకి ఇది పనికొస్తుందా అని అడుగుతారు. పనికొస్తుంది, కాకపోతే తేదీ దొరకడం కష్టం. ఎక్కువ జానపదాలకి రికార్డింగ్ ముందు లేదు, మనిషి ముందున్నాడు. తేలికైన దానితో మొదలుపెట్టాలంటే బండెనక బండి కట్టి తీసుకోండి. తెలంగాణ సాయుధ పోరాట కాలంలో బండి యాదగిరి కట్టిన పాట, 1970ల చివర తీసిన మాభూమి సినిమాలో గద్దర్ పాడాడు. కట్టినవాడి పేరు తెలుసు, తెరకెక్కించినవాళ్లు తెలుసు, పాడిన గొంతు తెలుసు. తెలంగాణ ఉద్యమ సభల్లో పాడిన రూపాలు యూట్యూబ్‌లో ఉన్నాయి. సినిమా రూపాన్ని ఎడమవైపు పెట్టి, సభల్లోవి ఒక్కొక్కటి వింటూ కుడివైపు నింపండి. వాయిద్యాల్లో ఏవి పోయాయి, ఏ చరణం వదిలేశారు, తిట్టే పేరు ఎక్కడ మారింది. ఊళ్లో పెద్దవాళ్లెవరైనా సినిమాకి ముందు ఈ పాట విని ఉంటే వాళ్ల చేత పాడించి ఫోన్‌లో రికార్డు చేయండి. రికార్డింగ్ మొదట్లోనే తేదీ, ఊరు, ఎవరి దగ్గర నేర్చుకున్నారో వాళ్ల నోటితోనే చెప్పించండి.